నాలుగు తొమ్మిదుల గ్యారంటీ

ఇరవై రెండేళ్ళ వయసులో మనిషికి ఒక ప్రత్యేకమైన ధైర్యం ఉంటుంది. తాను చదవని కాగితంలో ఏముందో ఎదుటివాడికి విడమరిచి చెప్పగలడు. ఆ రోజుల్లో నాకు ఆ ధైర్యం పుష్కలంగా ఉండేది. కరీంనగర్‌లో ఒక జిరాక్స్ షాపు పైన రెండు గదుల కంపెనీలో నా మొదటి ఉద్యోగం. యజమానిని అందరూ 'నెట్టు సారు' అనేవాళ్ళు. ఆయన, కెమెరా అన్న, నేను, అంతే కంపెనీ. నా విజిటింగ్ కార్డు మీద 'క్లౌడ్ ఇంజినీర్' అని ఉండేది. మా బాపు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మబ్బుల ఇంజినీరా? మంచిగైంది. ఈ యేడు మన దిక్కు జర వాన పంపియ్యిరా" అన్నాడు. (పంపలేదు. ఆ యేడు మొక్కజొన్న ఎండిపోయింది.)

మా వ్యాపారం పెళ్ళిళ్ళను గల్ఫ్‌లో ఉన్న చుట్టాలకు లైవ్‌లో చూపించడం. మా దిక్కు ఏ పెళ్ళి పందిట్లో చూసినా సగం మంది మగవాళ్ళు ఉండరు. దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటారు. కొన్ని దేశాల్లో మామూలు వీడియో కాల్స్ సరిగ్గా కలవవు కాబట్టి, మేం పంపే లింకు తెరిస్తే పెళ్ళి కనిపించేది. దానికోసం ఒక పెద్ద కంపెనీ దగ్గర ఒక వర్చువల్ మిషిన్ కిరాయికి తీసుకున్నాం. అంటే ఎక్కడో ఉన్న వాళ్ళ భారీ కంప్యూటర్‌లో మనకు ఒక ముక్క ఇస్తారు. అది కంటికి కనిపించదు, చేతికి తగలదు, బిల్లు మాత్రం నెలనెలా స్పష్టంగా కనిపిస్తుంది. ఆ కంపెనీ వాళ్ళ వెబ్‌సైట్‌లో మొదటి పేజీలోనే '99.99 శాతం గ్యారంటీ' అని లావుపాటి అక్షరాలు చూశాను. కింద సన్నటి అక్షరాల్లో పదమూడు పేజీలు ఉన్నాయి. అంత సన్నగా రాశారంటే అంత ముఖ్యమైనవి కావని నా ఇంజినీరింగు బుర్ర తేల్చేసింది. మా కరపత్రం మీద 'నాలుగు తొమ్మిదుల గ్యారంటీ' అని ఎర్రరంగులో అచ్చు వేయించాను. నెట్టు సారు అది చూసి మురిసిపోయి నా జీతం పెంచలేదు గానీ, ఆ రోజు నాకు సమోసా తెప్పించాడు.

ఆ కరపత్రం పట్టుకునే మెట్‌పల్లి నుంచి ఒకాయన వచ్చాడు. ఆయన మేనకోడలి లగ్గం. పెళ్ళికూతురి తండ్రి మస్కట్‌లో క్రేన్ నడుపుతాడు. మూడేళ్ళుగా ఇంటికి రాలేదు, ఈసారి కూడా కంపెనీ సెలవియ్యలేదు. "మా బావ బిడ్డ పుస్తె కట్టుడు చూడాలె తమ్మీ. మిగిలింది కనబడకున్నా ఫికర్ లేదు, గా ఒక్క నిమిషం సాలు" అన్నాడు మేనమామ. నేను కరపత్రం మీద ఎర్రక్షరాలను వేలితో కొట్టి చూపించాను.

పెళ్ళినాడు పొద్దున్నే పందిట్లో తీగలు పరుస్తుంటే పెళ్ళికూతురి నాయనమ్మ వచ్చి నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. "లైను ఆగది గద బిడ్డా?" అంది. "తొంభైతొమ్మిది పాయింట్ తొంభైతొమ్మిది శాతం గ్యారంటీ అవ్వా" అన్నాను. ఆమె వేళ్ళు మడిచి లెక్క చూసుకుంది. "మరి నూరుకు నూరు ఎందుకు లేదు? గా మిగిలింది ఏం జేస్తరు వాళ్ళు?" అని అడిగింది. నేను నవ్వాను. చదువుకోని ముసలామెకు ఇవన్నీ ఏం తెలుస్తాయిలే అనే నవ్వు. (ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ నా చెవులు వేడెక్కుతాయి.)

జీలకర్ర బెల్లం దాకా బొమ్మ అద్దంలా వచ్చింది. మస్కట్ నుంచి తండ్రి, ఆయన గదిలో ఉండే పదిమంది ఒకే ఫోన్ ముందు కూర్చుని చూస్తున్నారు. పెళ్ళికొడుకు పుస్తె చేతిలోకి తీసుకున్నాడు. సరిగ్గా అప్పుడే మేనమామ ఫోన్ మోగింది. "బామ్మర్దీ, బొమ్మ వోయింది! ఏం కనబడ్తలేదు!" అంటున్న గొంతు నాకు కూడా వినబడింది. నా లాప్‌టాప్‌లో మిషిన్ పేరు పక్కన పచ్చచుక్క ఉండాల్సిన చోట ఒక చక్రం తిరుగుతోంది. మా మిషిన్ ఉన్న పెద్ద కంప్యూటర్ చెడిపోయి, దాన్ని ఇంకో కంప్యూటర్ మీదికి మారుస్తున్నారట. పుస్తె కట్టే ముందు ఒక మాట అడిగి మారిస్తే బాగుండేది. ఫిర్యాదు పంపాను. వెంటనే జవాబొచ్చింది, ఆ విషయంలో వాళ్ళను మెచ్చుకోవాలి. 'మీరు మాకెంతో విలువైనవారు. ఒక పనిదినంలోగా సమాధానమిస్తాం.' ఆ రోజు ఆదివారం.

"ఏమైంది తమ్మీ?" అన్నాడు మేనమామ. "ఐదు నిమిషాలన్నా" అన్నాను. పంతులు గడియారం చూసి, "ముహూర్తం ఆగదయ్యా" అన్నాడు. అప్పుడు పెళ్ళికూతురు తల ఎత్తింది. "మా బాపు సూడకుంట నేను కట్టించుకోను" అంది. పెళ్ళికొడుకు పుస్తె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. మగపెళ్ళివారిలో గుసగుసలు మొదలయ్యాయి. పందిట్లో ఉన్న కళ్ళన్నీ నా మీదే. ఫోన్‌లో తండ్రి మాత్రం, "నా కోసం ఆపకుండ్రి, కట్టియ్యుండ్రి" అని బతిమాలుతున్నాడు.

నాయనమ్మ లేచి వచ్చి మేనమామ చేతిలో ఫోన్ గుంజుకుంది. స్పీకర్ పెట్టించి, పంతులు మైకు తన దగ్గరికి లాక్కుంది. "కొడుకా, ఇంటున్నవా? కండ్లు మూసుకో. నేను చెప్త, నువ్వు సూడు" అంది. "నీ బిడ్డ పసుపు చీర కట్టింది. ముక్కు నీదే వచ్చింది, ఏం జేస్తం. ఏడుస్తుంది గని మంచిగనే ఉన్నది. పిల్లగాడు పుస్తె పట్టుకున్నడు. చేతులు వణుకుతున్నయ్. భయమున్నది, మంచిదే. ఇగో, వంగిండు. ఒకటో ముడి. రెండు. జర గట్టిగేసిండు. మూడు. అయిపోయింది కొడుకా. నీ బిడ్డ లగ్గమైంది." పందిట్లో బాజాలు కూడా ఒక క్షణం ఆలస్యంగా మోగాయి. సౌండ్ బాక్సుల్లోంచి మస్కట్ గొంతు వచ్చింది. "సల్లగుండు బిడ్డా."

మా మిషిన్ పదకొండు నిమిషాల తర్వాత లేచింది. లేచి, మస్కట్‌లోని ఆ తండ్రికి పూర్తి స్పష్టతతో చూపించిన మొదటి దృశ్యం, పందిట్లో తల పట్టుకుని కూర్చున్న నేను.

భోజనాల దగ్గర మేనమామ నన్ను పట్టుకున్నాడు. "గ్యారంటీ అన్నవు గద. తియ్యి కాగితం" అన్నాడు. ఫోన్‌లో ఆ పదమూడు పేజీలు తెరిచి, జీవితంలో మొదటిసారి ఆయనతో కలిసి చదివాను. నాలుగు తొమ్మిదులు మాకు కాదట. రెండు వేర్వేరు చోట్ల రెండు మిషిన్లు పెట్టుకున్నవాళ్ళకట. ఒంటి మిషిన్‌కు తొంభైతొమ్మిదిన్నర శాతమే. అంటే నెలలో మూడున్నర గంటలకు పైగా పడిపోయినా మాట తప్పినట్టు కాదు. మేం వాడుకున్నది పదకొండు నిమిషాలే, ఇంకా బోలెడు మిగిలి ఉంది. ఒకవేళ అంతకుమించి పడిపోతే, మనం రుజువులతో అర్జీ పెట్టుకుంటే, ఆ మిషిన్ కిరాయిలో పదో వంతు వచ్చే బిల్లులో తగ్గిస్తారు. దానివల్ల మీకు జరిగిన మరే నష్టానికీ బాధ్యులం కాము అని చివర్లో ఒక వాక్యం.

మేనమామ అంతా విని, "అంటే మిషిన్ పడదని గ్యారంటీ కాదు. పడ్తె కిరాయిల జర తగ్గిస్తమని గ్యారంటీ" అన్నాడు. పదమూడు పేజీలను ఇంత చక్కగా కుదించినవాణ్ణి తర్వాత నేనెక్కడా చూడలేదు. "మరి వాళ్ళు నెల లెక్క చూస్తరు. మా బావకు కావాల్సింది ఒక్క నిమిషమాయె. గది ఏ పేజీల ఉన్నది?" అని అడిగాడు. నేను విస్తరిలోని అప్పడం వైపు చూశాను. నెట్టు సారుకు ఫోన్ చేసి చెబితే, "అయితే ఒప్పందం ప్రకారం ఎవరి తప్పూ లేదన్నమాట!" అని చాలా సంతోషించాడు. అంత నిఖార్సుగా ఎవరి తప్పూ లేకుండా ఒక తండ్రికి బిడ్డ పెళ్ళి కనబడకుండా పోయిందన్నమాట.

ఐదు నెలల తర్వాత ఆ తండ్రి సెలవు మీద వచ్చాడు. ఒక మధ్యాహ్నం మా మెట్లెక్కి వచ్చి తనెవరో చెప్పగానే, నేను బల్ల కింద దూరే వీలుందేమోనని చూశాను. ఆయన తిట్టలేదు. కెమెరాలో రికార్డయిన పెళ్ళి చూపించమన్నాడు. కుర్చీ వేసి, తెర ఆయన వైపు తిప్పాను. పుస్తె కట్టే ఘట్టం దగ్గరికి రాగానే ఆయన రెండు కళ్ళూ మూసుకున్నాడు. వాళ్ళ అమ్మ గొంతు వస్తోంది. ఒకటో ముడి, రెండు, మూడు. అది అయ్యాక కళ్ళు తెరిచాడు.

"బొమ్మ వచ్చింది గద అన్నా, చూడలేదేం?" అన్నాను, ఉండబట్టలేక.

"నేను గా దినం చూసిన లగ్గం వేరే ఉన్నది తమ్మీ. గది కరాబైతది" అన్నాడు.

ఇప్పుడు నేను ఒక మోస్తరు పెద్ద కంపెనీలో, ఇలాంటి ఒప్పందాల సన్నక్షరాలు చదివే ఉద్యోగమే చేస్తున్నాను. మినహాయింపుల పేజీ నుంచి మొదలుపెట్టి వెనక్కి చదువుతాను. ఎక్కడైనా రెండు మిషిన్లు అడుగుతాను, నన్ను పిరికివాడంటారు. నిజమే. ఆ ఎర్రక్షరాలను వేలితో కొట్టి చూపించిన కుర్రవాడి ధైర్యం నాలో ఇప్పుడు నలుసంత కూడా లేదు. ఎప్పుడైనా పని మధ్యలో వాడు గుర్తొస్తే మాత్రం, పిలిచి పక్కన కూర్చోబెట్టుకుని ఒక సమోసా పెట్టాలనిపిస్తుంది.