డాబా మీద దిగిన భాష

ఆ రోజుల్లో నాకు రెండు నమ్మకాలు గట్టిగా ఉండేవి. భాషాశాస్త్రం చదివినవాడికి ఉద్యోగం దొరక్కపోదన్నది ఒకటి. అబద్ధం చెప్పడం వేరు, నిజం చెప్పకుండా ఊరుకోవడం వేరు అన్నది రెండోది. మొదటి నమ్మకం ఎం.ఏ. పూర్తయిన ఆరు నెలలకు పోయింది. రెండోది అంతకన్నా ముందే, తార్నాకలో ఒక డాబా మీది గదిలో అద్దెకుండగా పోయింది. ఇప్పుడు చెప్పేది దాని సంగతే.

యూనివర్సిటీలో అది ఆఖరి సెమిస్టర్. మాకు ధ్వనుల పాఠం చెప్పే ఆయన్ని ధ్వని సార్ అనేవాళ్లం (ఆయన తుమ్మినా అది నోట్లో ఎక్కడ పుట్టిందో మేం గుర్తుపట్టాలి). ఆ ఏడు ప్రాజెక్టు కింద ఒక్కొక్కరూ ఒక కొత్త భాషను తయారు చేసుకురమ్మన్నారు. దానికి ధ్వనులుండాలి, వ్యాకరణముండాలి, రెండు వందల మాటలుండాలి. వైవాలో ఆ భాషలో అయిదు నిమిషాల కథ కాగితం చూడకుండా చెప్పాలి. "నోరు తిరగని భాష జిరాక్స్ సెంటర్ల ఉంటది, మనుషులల్ల ఉండదు. రోజు గట్టిగ ప్రాక్టీస్ చెయ్యున్రి," అన్నారు. అందరం తలలూపాం. అంతకుముందు ఏ ప్రాజెక్టుకూ మేం అంత ఉత్సాహంగా తలలూపలేదు.

నా భాషకు తిర్రై అని పేరు పెట్టుకున్నాను. అందులో పెదవులు కలిపే శబ్దం ఒక్కటీ లేదు. ప, బ, మ లకు ప్రవేశం నిషిద్ధం (దాంతో అమ్మను పిలిచే దారి మూసుకుపోయిందని ఆలస్యంగా తట్టింది). మా ఊళ్లో ఎడ్లను అదిలించేటప్పుడు నాలుకతో చేసే టక్కు శబ్దాన్ని ఒక హల్లుగా తీసుకున్నాను. ఊపిరి లోపలికి పీలుస్తూ పలికే అచ్చు ఒకటి పెట్టాను. వాక్యానికి ముందు క్రియ వస్తుంది, దాని చివర మూడు తోకల్లో ఏదో ఒకటి తగలాలి. కళ్లారా చూసినదానికి ఒక తోక, ఎవరో చెప్పగా విన్నదానికి ఒకటి, మనం ఊహించుకున్నదానికి ఇంకొకటి. బహువచనం లేదు. మేకను లాక్క అంటారు (అంటారు అంటే నేనే అంటాను). రెండు మేకలైతే లాక్క లాక్క, మందైతే ఊపిరి ఉన్నంతసేపూ లాక్క లాక్క లాక్క. నా కథ కూడా మంద గురించే. మేకలన్నీ కలిసి సర్పంచ్ ఆరేసుకున్న చొక్కా తినేస్తాయి, చూసినవాళ్లు లేరు, ఊరంతా అదే మాట.

ఇక ప్రాక్టీసు. ధ్వని సార్ మాకు నేర్పిన పద్ధతి ఒకటుంది. అరచేతిని నాలుక అనుకోవాలి. నోట్లో నాలుక పైకి లేస్తే చెయ్యి కూడా పైకి లేవాలి, నాలుక వెనక్కి మడత పడితే వేళ్లూ మడత పడాలి. తిర్రైలో కష్టమైన శబ్దాలు ఎక్కువ కాబట్టి నాకు రెండు చేతులూ కావలసి వచ్చాయి. రోజూ పొద్దున ఆరింటికి డాబా మీద నిలబడి, కళ్లు మూసుకొని, చేతులు రెండూ పైకెత్తి, ఊగుతూ అయిదు నిమిషాల కథను పదిసార్లు అప్పజెప్పేవాణ్ణి. క్లాసులో అందరం అలాగే చేసేవాళ్లం కాబట్టి అందులో వింతేమీ నాకు కనిపించలేదు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఇంటి ఓనర్ ఆంటీ నన్ను గది ఖాళీ చేయమన్నారు. ఆవిడ కోస్తా నుంచి వచ్చి తార్నాకలో స్థిరపడ్డ మనిషి, స్కూల్లో టీచరుగా చేసి రిటైరయ్యారు. వాళ్ల చర్చిలో ఎవరిదో కుర్రాడు కాలేజీలో చేరుతున్నాడట, వాడికి గది ఇస్తానని మాటిచ్చారు. నెలాఖరు దాకా గడువు. వైవా ఏమో నెలాఖరు దాటాక. బ్యాచిలర్ అనగానే తలుపులు మూసే కాలం. హాస్టల్ సీటు నేనే వదులుకున్నాను. అంబర్‌పేట్‌లో ఒక క్లాస్‌మేట్ ఉన్నాడు (వేసవిలో కూడా తెల్లచొక్కా మాయకుండా తిరిగేవాడు కాబట్టి వాడి పేరు తెల్లచొక్కా). వాడి గదిలో అప్పటికే ఆరుగురు. అక్కడికి పోతే నా భాష నోటికి రాదు, వైవా గట్టెక్కదు.

ఒకరోజు పొద్దున మంద సగం చొక్కా తిన్నాక కళ్లు తెరిచి చూస్తే, ఆంటీ తడి బట్టల బకెట్ పక్కన పెట్టి, తలమీద కొంగు కప్పుకొని నిలబడి ఉన్నారు.

"ఎన్నాళ్ల నుంచి బాబూ ఇది?" అన్నారు మెల్లగా.

"పదిరోజులైతున్నది ఆంటీ. రోజు పొద్దున చేస్తున్న. డిస్టర్బ్ అయితున్నదా?"

"అయ్యో, లేదు బాబూ. ఉపవాసముండి చేస్తున్నావా?"

"టిఫిన్ తినకుండనే చేస్త ఆంటీ. కడుపు నిండితె గాలి సక్కగ రాదు," అన్నాను. (అది నిజమే.)

ఆవిడ కళ్లనిండా నీళ్లు. "నువ్వు ఎక్కడికీ వెళ్లక్కర్లేదు. ఆ కుర్రాడికి ఇంకోచోట చూస్తాను," అని, బట్టలు ఆరేయకుండానే కిందికి దిగిపోయారు.

ఆవిడ జాలిగుండె అనుకున్నాను. మర్నాడు ఇడ్లీలు పట్టుకొచ్చి చెబితేగాని అసలు సంగతి తెలియలేదు. వాళ్ల చర్చిలో ప్రార్థన చేస్తూ చేస్తూ ఒళ్లు మరిచి, తమకే తెలియని భాషలో మాట్లాడటాన్ని అన్యభాషల వరం అంటారు. ఆంటీ ఇరవై ఏళ్లుగా దానికోసం ప్రార్థిస్తున్నారు. ఆవిడకు రాలేదు. వచ్చి వచ్చి డాబా మీద అద్దెకున్న నాకు వచ్చింది, అదీ చర్చి గడప కూడా తొక్కనివాడికి. ఆవిడ ఆశ్చర్యానికి అంతులేదు. నేను నోరు తెరిచాను. ఇడ్లీ వాసన వచ్చింది, గది గుర్తొచ్చింది, నోరు మూసుకున్నాను.

తెల్లచొక్కాను అడిగితే, "నువ్వు అబద్ధం చెప్పినవా? లేదు కద. ఊకో మరి. వైవా అయినంక చెప్పొచ్చు తియ్," అన్నాడు. నా రెండో నమ్మకమే వాడి నోటివెంట వచ్చింది కాబట్టి వాడు మేధావి అనుకున్నాను. మూడు వారాలు ఇడ్లీలు తిన్నాను. సిగ్గుగానే తిన్నాను, కానీ చట్నీ మళ్లీ వేయించుకున్నాను.

మూడో వారం బుధవారం సాయంత్రం ఆంటీ ఇంట్లో ప్రార్థన కూడిక. కింద వరండాలో చాపలు పరిచారు, పాతికమంది దాకా వచ్చారు. వారాసిగూడ నుంచి ఆంటీ వాళ్ల అక్కగారు ఆటోలో దిగి ముందు వరసలో కుర్చీలో కూర్చున్నారు. మూల నక్కిన నన్ను ఆంటీ చెయ్యి పట్టుకొని మధ్యలోకి తీసుకొచ్చి, "బాబూ, ఆత్మ నడిపిస్తే మాట్లాడు," అన్నారు. నన్ను ఏ ఆత్మా నడిపించలేదు. పాతికమంది మూసుకున్న కళ్లు నడిపించాయి. కళ్లు మూసుకొని, అలవాటుకొద్దీ చేతులెత్తి, నాకొచ్చిన ఒకే ఒక్క కథ చెప్పాను. మంద దగ్గరికి వచ్చేసరికి, లాక్క లాక్క లాక్క అన్నప్పుడల్లా వరండా అంతా ఆమెన్ అంది. చొక్కా పూర్తయ్యాక కళ్లు తెరిస్తే అక్కగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకొని వెక్కి వెక్కి ఏడుస్తున్నారు.

ఆ ఏడుపు చూశాక నాకు తిండి సయించలేదు. మేకలు చొక్కా తిన్నాయని చెప్పి ఒక పెద్దావిడను ఏడిపించాను. తెల్లారగానే నోట్‌బుక్ తీసుకొని కిందికి వెళ్లి, "ఆంటీ, అది దేవుడు ఇచ్చింది కాదు. నేనే తయారుజేసిన, మార్కుల కోసం. గీ నోట్‌బుక్కుల మొత్తమున్నది. గది పోతదని చెప్పలే," అన్నాను.

ఆంటీ కళ్లద్దాలు పెట్టుకొని, కాపీలు దిద్దే టీచరులాగే ఒక్కో పేజీ తిప్పారు. మూసి నా చేతికిచ్చారు. "ఈ మూడు వారాలూ నేను ప్రార్థనలో ఏమన్నానో తెలుసా? నాకు ఇవ్వకపోతే ఇవ్వకపోయావు ప్రభువా, మా డాబా దాకా అయినా వచ్చావు, అంతే చాలు అన్నాను," అన్నారు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే బాగుండేది. కళ్లద్దాలు తీసి, "అక్కకి మాత్రం నువ్వే వెళ్లి చెప్పు," అన్నారు.

వారాసిగూడ సందుల్లో అడ్రస్ అడుక్కుంటూ వెళ్లాను. అక్కగారు మజ్జిగ ఇచ్చి, నా మాటలన్నీ విన్నారు.

"మేకల సంగతా! నాకేం తెలుసు నాయనా, నేను నీ మాటలకి ఏడవలేదు," అన్నారు.

"మరెందుకేడ్చిన్రు పెద్దమ్మా?"

"అందరూ కళ్లు మూసుకున్నారు గానీ నేను మూసుకోలేదు. నీ మోకాళ్లు ఎలా కొట్టుకుంటున్నాయో చూశాను. ఎవరి బిడ్డో పాపం, దేనికో ఇంత హడలిపోతున్నాడు, అడిగేవాళ్లు లేరే అని ఏడుపొచ్చింది."

మజ్జిగ తాగేసి తార్నాక దాకా నడిచే వచ్చాను.

వైవా అయ్యేదాకా ఉండమన్నారు ఆంటీ, ఆ తర్వాత మాత్రం ఆ కుర్రాడికే గది. ఇడ్లీలు రాలేదు. వైవాలో ధ్వని సార్, "ఎదురుంగ ఎవరో వింటున్నట్టు చెప్పినవ్ రా," అని మంచి మార్కులే వేశారు. మర్నాడు ట్రంకు దించుకొని గేటు దగ్గర ఆటో కోసం నిలబడితే ఆంటీ వచ్చారు. తిడతారేమో అనుకున్నాను. నా తలమీద చెయ్యి పెట్టి కళ్లు మూసుకున్నారు. అచ్చ తెలుగులో, ప్రతి మాటా నాకు తెలిసేలా ప్రార్థన చేశారు. "ప్రభువా, ఈ బిడ్డ ఆలస్యంగా అయినా నిజం చెప్పాడు. వీడికి మంచి గది చూపించు. బాత్రూము లోపలే ఉండేది చూపించు. వానాకాలంలో మా డాబా మీద తడుస్తూ బాత్రూముకి వెళ్లి చాలా అవస్థ పడ్డాడు. ఆమెన్."

తెల్లచొక్కా గదిలో ఏడోవాడిగా సర్దుకున్న ఆ వారంలోనే అంబర్‌పేట్‌లో గది దొరికింది. బాత్రూము లోపలే ఉంది. తలుపు తీసి అది చూసి, రెండు వందల మాటలు పుట్టించిన ఆ మహా పండితుడు ట్రంకు మీద కూర్చొని చాలాసేపు ఏడ్చాడు. ఇప్పుడు వాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, కొంచెం అసూయ కూడా. నేను వానలో తడిసిన సంగతి గుర్తుపెట్టుకొని దేవుడితో చెప్పినవాళ్లు ఆ తర్వాత నాకు ఎవరూ దొరకలేదు.