ట్రైలర్ చివర వెలగని ఎర్రదీపాలు

ఎనభైల మధ్యలో ఒక దసరా తరువాత, మొదటి తీత పత్తిని నేనే గుంటూరు తీసుకువెళ్ళి అమ్మాలని నిశ్చయించుకున్నాను. అంతకుముందు ఏటా నరసరావుపేట దళారి ఒకాయన మా ఊరికే వచ్చి, తన నోటికి వచ్చిన ధర చెప్పి పట్టుకుపోయేవాడు. భౌతికశాస్త్రంలో పట్టా పుచ్చుకుని ఇరవై ఏళ్ళు పాఠాలు చెప్పినదాన్ని. నా పంటకు మరొకరు వెల కడితే తల ఊపడం ఇక నా వల్ల కాలేదు.

లోడు ఎత్తేసరికి ఆలస్యమై, వినుకొండలో మధ్యాహ్నం ఒంటిగంటకు బయలుదేరాము. గుంటూరుకు తొంభై కిలోమీటర్ల లోపే గాని, బరువుతో ట్రాక్టరుకు ఐదు గంటలు పడుతుంది. మూడున్నరకు నరసరావుపేటలో అర్ధరూపాయి టీ తాగుతుండగా డ్రైవరు కోటయ్య ట్రైలర్ లైట్లు వేసి చూశాడు. వెనుక దీపాలు మిణుకుమిణుకుమంటున్నాయి. ఒకవైపు ఇండికేటరు వేస్తే అన్ని దీపాలూ కలిసి కొట్టుకుంటున్నాయి. పక్కనున్న మెకానిక్కు పది రూపాయలు తీసుకుని రెండు బల్బులు మార్చాడు. ఫలితం లేదు. ఐదు కావస్తోంది.

అంతలో ఎదుటి కొట్టులోంచి ఆ దళారే దిగి వచ్చాడు.

“ఎందుకమ్మా ఈ తంటాలు? లైట్లు లేకుండా చీకట్లో పోతే వెనకనుంచి లారీ గుద్దేస్తుంది. ఇక్కడే దింపించండి, నా ధరకు నేను తీసుకుంటాను.”

“మీ ధర నాకు కంఠతా వచ్చండి. ఆరేళ్ళుగా వింటున్నాను.”

కొంగు బిగించి ట్రైలర్ కిందకు వంగాను. జనం నవ్వారు.

“ఏం టీచరమ్మా, బండికి కూడా పరీక్ష పెడుతున్నారా?” అన్నాడు మెకానిక్కు.

“పెడుతున్నాను. ఇందాక తప్పినవాళ్ళు కాస్త పక్కకు జరగండి.”

పైన పత్తి ఉండగా నిప్పురవ్వ పుట్టకూడదు గనుక లైట్లు ఆపించి, బ్యాటరీ నెగటివ్ నుంచి ఒక పొడవాటి తీగ తెచ్చి దీపం లోహపు తొడుగుకు కట్టించాను. అప్పుడు లైట్లు వేయమన్నాను. ఎర్రగా, నిండుగా వెలిగింది. అంటే కరెంటు వస్తోంది గాని, తిరిగి వెళ్ళే దారి మూసుకుపోయింది. ఆ దారి, ట్రైలర్ ఇనుప చట్రానికి, అంటే ఛాసిస్‌కు, నల్లతీగ బిగించిన బోల్టు. దాని మీదా, కిందా మెరిసే నీలిరంగు. రంగు పొర కరెంటును సరిగ్గా పోనివ్వదు.

“పండక్కి నేనే వేశానమ్మగారూ, తుప్పు పట్టకూడదని,” అన్నాడు కోటయ్య. “దానిమీద బొట్టు కూడా పెట్టాను. గీకమంటారా?”

“గీకు. బొట్టు మళ్ళీ పెట్టుకోవచ్చు కోటయ్యా, ప్రాణం మళ్ళీ పెట్టలేం.”

గరుకు కాగితంతో ఇనుము తెల్లగా తేలేవరకు రుద్ది, తీగ బిగించాడు. నాలుగు దీపాలూ సరిగ్గా వెలిగాయి. దళారి తిరిగి తన కొట్టెక్కాడు. ఎనిమిదికల్లా గుంటూరు చేరాము. తెల్లవారాక కాటా పక్కన నిలబడి, ధర నేనే మాట్లాడి అమ్మాను.

ఆ దళారి అబద్ధం చెప్పలేదు. దీపాలు లేని బండి చీకటిలో నడపకూడదన్నది నిజమే. ఆ నిజాన్ని అడ్డం పెట్టి నన్ను ఆపాలనుకున్నాడు. భయం న్యాయమైనదే కావచ్చు, అంతమాత్రాన లొంగిపోవడమే దానికి జవాబు కాదని ఆనాడు ఒక బోల్టు దగ్గర నేర్చుకున్నాను.

ట్రైలర్‌తో దూరం వెళ్ళేవారికి ఒక్క మాట: దీపాలు మసకబారితే బల్బు కొనే ముందు ఛాసిస్‌కు బిగించిన ఆ నల్లతీగ, అంటే ఎర్తు తీగ చూడండి. ఎంత ముచ్చటపడి రంగు వేయించినా, ఆ బోల్టు కింద మాత్రం ఇనుమును ఇనుముగానే ఉండనివ్వండి.