సూదక్క గీకని మణికట్టు

పుట్టినప్పుడు పెట్టిన పేరు ఏదో ఉండే ఉంటుంది. మ్యూజియంలో మాత్రం తోటమాలి దగ్గర్నుంచి డైరెక్టరు దాకా అందరికీ ఆమె సూదక్కే. ఒకప్పుడు చొక్కాలకు కాజాలు కుట్టిన చేతులతోనే ఇరవై రెండేళ్లుగా రాళ్లలోంచి ఎముకలు తీస్తోంది. మైక్రోస్కోపులో కళ్లు పెట్టి, సూదిమొనతో రాయిని రవ్వంత రవ్వంత గీకుతుంది. గీకిన పొడిని పారేయదు. తేదీ రాసి సీసాల్లో దాస్తుంది.

"ఇంట్లో దుమ్ము పట్టించుకోదు గానీ, అక్కడి దుమ్ముకి కాపలా కాస్తుంది" అని బస్సు నడిపే ఆమె మొగుడు నలుగురిలోనూ వెక్కిరిస్తాడు.

ఆమె చేతికొచ్చిన వాటిలోకెల్లా గొప్పది, కోట్ల ఏళ్ల కిందట నీళ్లలో తిరిగిన నాలుగు కాళ్ల జంతువు. అప్పటికి నేల మీద నాలుగు కాళ్లతో నడిచేవింకా పుట్టలేదు. మూడేళ్లు గీకి దాని కుడి ముంగాలు తీసింది. మోచేతి కింది ఎముకలున్నాయి, ఎనిమిది వేళ్లున్నాయి. మనకు మణికట్టు ఉండే చోట మాత్రం ఖాళీ.

ఆ జంతువు మీద పరిశోధన చేస్తున్న ప్రొఫెసరు గారు అందరి ముందూ అనేశారు. "సూదక్కా, మణికట్టు మీరు గీకేశారు."

ఒళ్లు మండిపోయింది ఆమెకు. మండదా మరి! సీసాలన్నీ తెచ్చి బల్ల మీద పెట్టింది. "ఎముక నలుపు, రాయి బూడిదరంగు. వెతుక్కోండి సార్."

తొమ్మిది రోజులు జల్లించినా ఒక్క నల్ల రవ్వ దొరకలేదు. అయినా ఆయన పెదవి విరిచారు.

"ఎడమ ముంగాలు ఇంకా రాతిలోనే ఉంది కదా. మీ ఎదురుగానే తీస్తాను. అందులో మణికట్టు ఉంటే ఈ సూది ఇక్కడే పెట్టేసి వెళ్లిపోతాను" అంది.

పదకొండు వారాలు ఆయన పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ముందు వేళ్లు బయటపడ్డాయి, తర్వాత మోచేతి కింది ఎముకలు. మధ్యలో ఉత్త రాయే. ఆఖరి రవ్వ దాకా గీకి, ఆ పొడినీ సీసాలో పోసింది.

ప్రొఫెసరు అందర్నీ మళ్లీ అదే గదిలోకి పిలిచారు. "ఎవరికైనా చిన్నప్పుడు మణికట్టు మెత్తగా ఉండి, పెరిగేకొద్దీ ఎముకవుతుంది. దీనికి ఇంత పెద్దయినా గట్టిపడలేదు. నీళ్లలో బతికేదానికి ఒంటి బరువు మొయ్యాల్సిన పనేముంది? ఆ మెత్తటిది రాతిలో మిగల్లేదు. సూదక్కా, తప్పు నాది."

ఇప్పుడా జంతువు ముందు హాల్లో అద్దాల పెట్టెలో ఉంది. మొన్న సెలవు రోజున మొగుణ్ని లాక్కెళ్లింది. అతను వంగి వంగి చూసి, "అంతా బానే ఉంది గానీ, ఇక్కడ ఖాళీగా ఉందేంటే?" అన్నాడు.

సూదక్క నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది.

"అది చూపిద్దామనే తీసుకొచ్చా."