బాకు పిడి మీద పెన్సిలు గీత

జనవరి, రెండో గురువారం. ఈ అరబ్బు దేశంలోని సమాయిల్‌లో మా అమ్మాయి ఫ్లాట్. ఉన్నవాళ్లు: నేను, అల్లుడు దానియేలు. అమ్మాయి గ్రేస్ ఏడింటిదాకా ఉండి నైట్ డ్యూటీకి వెళ్లింది. బల్ల మీద ఒక బాకు.

డైరీలో ఇలాగే రాసుకున్నాను. మా ఇంట్లో ఒట్లు పెట్టే అలవాటు లేదు. జరిగిందంటే జరిగింది... అంతే.

ముందు బాకు సంగతి చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైన్యపు అధికారులు నడుముకు కట్టుకున్న రకం అది. దానియేలు పాత వస్తువుల దుకాణంలో పనిచేస్తాడు. అర్బాబ్, అంటే యజమాని, దాన్ని అతనితో నా దగ్గరికి పంపాడు. మర్నాడు పదింటికి అల్ ఖువైర్ నుంచి పాత ఆయుధాలు సేకరించే ఒక కలెక్టర్ కొనడానికి వస్తున్నాడు. ఈలోగా అసలుదో నకిలీదో నేను తేల్చాలి. నేను రైసూత్‌లో ఒక ఫ్యాక్టరీలో కొలతల ఇన్‌స్పెక్టర్‌గా రిటైరయ్యాను. అక్కడ నాతో పనిచేసిన ఒకాయనకు ఈ బాకుల పిచ్చి. ఆయన దగ్గరే నేర్చుకున్నాను.

గుడ్డ విప్పగానే అడిగాను. "ఇంత తళతళలాడుతుందేంటి బాబూ?"

దానియేలు తల దించుకున్నాడు. "చింతపండు పెట్టి తోమానండి మావయ్యగారూ. మా అమ్మ ఇత్తడి బిందెలకి పెట్టినట్టు. అర్బాబ్ సంతోషిస్తాడనుకున్నా."

"పోపు ఒక్కటే పెట్టలేదు నాన్నా," అంది గ్రేస్, బ్యాగు సర్దుకుంటూ.

నాకు నవ్వు రాలేదు. అన్నేళ్ల నలుపు మీదే కలెక్టర్లకి ప్రాణం. అది కడిగేస్తే సగం విలువ పోయినట్టే.

"అసలుదైతే నా పని అయిపోయినట్టేనండి," అన్నాడు దానియేలు. "వీసా కూడా ఆయన చేతిలోనే ఉంది."

కాబట్టి అది నకిలీ కావాలని ఇద్దరం కోరుకున్నాం. కానీ భూతద్దం పెట్టి చూస్తే ఒక్క తప్పూ దొరకలేదు. తయారీదారు ముద్ర స్పష్టంగా ఉంది. బరువు సరిపోయింది. ఒరలో బిగువుగా కూర్చుంది.

ఒక్క పరీక్ష మిగిలింది. అసలు బాకులో కత్తి, పిడి లోపలికి వెళ్లే కాడ ఒకే ఇనుము. అది చూడాలంటే పిడి చివర మరతో బిగించిన బుడిపెను విప్పాలి. ఇద్దరం తిప్పాం. కదల్లేదు. ఒక చుక్క నూనె వేశాను.

"ప్లయర్ తెస్తానండి."

"వద్దు. గీత పడితే ఇంకో నేరం."

మా పనిలో ఒక పద్ధతి ఉంది. బిగుసుకున్న మర కదిలిందో లేదో తెలియడానికి అడ్డంగా గీత గీస్తాం. బుడిపె మీంచి పిడి మీదికి పెన్సిలుతో ఒక తిన్నని గీత గీశాను. ప్రార్థన చేసుకుని పడుకున్నాం. అతను గదిలో, నేను హాల్లో... బల్ల పక్కనే.

ఒంటిగంటా పది. కిర్ర్...

లేచి టార్చి వేశాను. బాకు గుడ్డ మీద అలాగే ఉంది. గీత మాత్రం రెండు ముక్కలైంది. మధ్య బియ్యపు గింజంత ఎడం.

టైము రాసుకున్నాను. ఫ్రిజ్ అదురుకి కదిలిందనుకుని ఫ్రిజ్ ఆపేశాను. టార్చీ ఆపాను.

ఒంటిగంటా ఇరవై రెండు. కిర్ర్... కిర్ర్...

ఈసారి టార్చి ఆపలేదు. చూస్తూ కూర్చున్నాను. ఫ్లాటంతా నిశ్శబ్దం. గదిలోంచి దానియేలు గురక.

బుడిపె తిరిగింది.

నా కళ్ల ముందే. మెల్లగా... ఎవరో రెండు వేళ్లతో పట్టుకుని, తొందర లేకుండా తిప్పుతున్నట్టు. పెన్సిలు గీత పైకి వచ్చింది. కిందికి పోయింది. మళ్లీ వచ్చింది. లెక్కపెట్టాను. అలవాటు కదా... తొమ్మిది చుట్లు. తర్వాత ఆగింది. టక్. గుడ్డ మీద పడింది.

"ప్రభువా," అన్నాను. కుర్చీ లాక్కుని అల్లుడి గది తలుపు ముందు కూర్చున్నాను. అతన్ని లేపలేదు. ఏమని లేపను? మసీదు నుంచి తెల్లవారుజాము ఫజర్ అజాన్ వినిపించేదాకా బల్ల వైపు చూడలేదు.

తెల్లారాక ఇద్దరం పిడి ఊడలాగి చూశాం. బయటపడ్డ కాడ... ఒక మామూలు బోల్టు. కత్తికి వెల్డింగ్ చేసి అతికించారు. వెల్డింగ్ మచ్చ ఇంకా నీలంగా ఉంది, అంటే ఈమధ్య చేసిన నకిలీ. దానియేలు కూలబడి నవ్వాడు. తర్వాత ఏడ్చాడు. ఆ ఏడుపులో సగం నాదే.

ఎనిమిదింటికి అర్బాబ్ వచ్చాడు. బోల్టును వేలితో తడిమి చూశాడు. "ఇది అసలుదని అమ్మి ఉంటే నా గడ్డం తెంపుకోవాల్సి వచ్చేది," అని హిందీలో అని, దానియేలు భుజం తట్టాడు. చింతపండు మాట ఎవరూ ఎత్తలేదు.

డ్యూటీ నుంచి వచ్చిన గ్రేస్ అంతా విని, "నూనె దిగి వదులయ్యుంటుంది నాన్నా," అంది.

అయ్యుంటుంది. సరేనని పిడి తొడిగి బుడిపెను తిరిగి బిగించబోయాను. మొదటి మరకే పట్టేసింది. దానియేలు తిప్పాడు. అర్బాబ్ తన కండువా చుట్టి తిప్పాడు. ముగ్గురం కలిసి... అర చుట్టు కూడా తిప్పలేకపోయాం.

డైరీలో ఆ రోజు పేజీలో టైములు ఉన్నాయి, చుట్ల లెక్క ఉంది. కారణం అని రాసి, పక్కన ఖాళీ వదిలాను.