దుప్పటి తెర మీద నా సాక్ష్యం

మా బడి కరస్పాండెంటుకు తనకు అర్థం కాని మాటంటే మహా ప్రీతి. అర్థమైపోయే మాటను ఆయన నమ్మేవాడు కాదు. అంత తేలికైనదానికి జనం ఫీజు ఎందుకు కడతారని ఆయన వాదన. బడి పెట్టకముందు సత్తెనపల్లిలో పురుగుమందుల కొట్టు నడిపాడు. పత్తికి ఏ తెగులు సోకినా కొత్త పేరున్న డబ్బా ఒకటి రైతు చేతిలో పెట్టి "ఇది కొట్టి రిజల్టు చూడు" అనేవాడట. బడిలోనూ అదే వ్యాపారం. ఒక ఏడు స్పోకెన్ ఇంగ్లీషు, మరో ఏడు అబాకస్, ఆ తరవాత యోగా. డబ్బా మారేది, మా తెగులు మాత్రం అలాగే ఉండేది.

రెండు వేల సంవత్సరం దాటి కొన్నేళ్ళయింది. నేను ఏడో తరగతి. ఆ దసరా సెలవుల్లో ఆయన హైదరాబాదులో ఏదో సదస్సుకు వెళ్ళొచ్చాడు. సెలవులయ్యాక మొదటి రోజు ప్రేయర్‌లో, సదస్సులో ఇచ్చిన కార్డు ఇంకా మెడలో వేలాడుతుండగానే మైకు పట్టుకున్నాడు.

"ఆరు, ఏడు, ఎనిమిది క్లాసులకి మనం డిజిటల్ పోర్ట్‌ఫోలియో పెడుతున్నాం. అంటే ఏంటి? ప్రతి స్టూడెంటుకీ కంప్యూటర్లో ఒక ఫైలు ఉంటది. నేనేం నేర్చుకున్నాను, నాకేం రావట్లేదు, ఎక్కడ తప్పు చేస్తున్నాను అని ఎవరికి వాళ్ళు ఆలోచించి అందులో పెట్టాలి. దీన్నే రిఫ్లెక్టివ్ లెర్నింగ్ అంటారు. జిల్లా మొత్తం మీద ఇంకెక్కడా లేదు!"

మేం చప్పట్లు కొట్టాం. కొట్టకపోతే వెనక నిలబడ్డ పీఈటీ సారు మమ్మల్ని కొట్టేవాడు.

ఇప్పుడు తలచుకుంటే అసలు సంగతి మంచిదేననిపిస్తుంది. పిల్లలు తమకేం వచ్చో ఏం రాదో తామే చూసుకోవడంలో తప్పేముంది? కానీ నిఖార్సయిన విత్తనాన్ని కూడా నకిలీ విత్తనంలాగే అమ్మగల మనిషి ఆయన. ఆయన చేతిలో పడ్డాక ఏదీ మొలవదు.

మా కంప్యూటర్ గది బయట చెప్పులు విడిచి వెళ్ళాలి. లోపల నాలుగైదు మిషన్లు గుడ్డలు కప్పుకుని కూర్చుని ఉండేవి. వారానికోసారి మాకు వాటి దర్శనం. ఒక్కో మిషన్ ముందు ఇంతమంది చొప్పున కుక్కేవాళ్ళు. మా గుంపులో మౌస్ కరస్పాండెంటు కూతురిది, చూసే భాగ్యం మిగతావాళ్ళది. ఆ అమ్మాయి చెడ్డది కాదు పాపం. ఎప్పుడూ ఫస్టు ర్యాంకే వచ్చేది. రాకపోతే వచ్చేలా చూసేవాళ్ళు.

నా సంగతి వేరు. మాది ఊరి చివర పేట. నాన్న పోయాడు. అమ్మ మిరప కల్లాల్లో ముచ్చికలు తీసే పనికి వెళ్ళేది. ఎండిన కాయ పట్టుకుని తొడిమ తుంచెయ్యడం, పొద్దస్తమానం అదే పని. మా పాస్టరు గారు మాట సాయం చేస్తే ఆ బడిలో నన్ను సగం ఫీజుకు చేర్చుకున్నారు. అమ్మ మొదట్లోనే చెప్పేసింది.

"ఈళ్ళు వద్దన్నారంటే ఇంకో బడి చుట్టూ తిరిగే ఓపిక నాకు లేదే. నాతో కల్లానికి రావడమే."

అది బెదిరింపు కాదు, జరిగేదే చెప్పింది. మా పేటలో నా ఈడు ఆడపిల్లలు చాలామంది అప్పటికే కల్లంలో ఉన్నారు. ఏడో తరగతికి ఆ రోజుల్లో కామన్ పరీక్ష ఉండేది. అది గట్టెక్కితే పదో తరగతి దాకా నన్నెవరూ కదపరు. గట్టెక్కాలంటే లెక్కలు రావాలి. నాకేమో నిష్పత్తులు ఒక్క ముక్క కూడా బుర్రకెక్కడం లేదు. రాత్రింబవళ్ళు నాకదే బెంగ.

ఆలోచించి రాయడం సరే, దాన్ని కంప్యూటర్లో ఎక్కించేదెవరు? తల్లిదండ్రులు చదవాలంటే తెలుగులో ఉండాలి. మా మిషన్లకు తెలుగు రాదు. వాటితో పోటీ పడి మా కంప్యూటర్ సారుకూ పెద్దగా ఏమీ రాదు. ఆయన పనంతా బస్టాండు ఎదురుగా ఉన్న డీటీపీ సెంటరుకు అప్పజెప్పి చేతులు దులుపుకున్నాడు. "రాసినోళ్ళు కాయితాలు ఇవ్వండి, రాయనోళ్ళకి ఆయనే రాసి పెడతాడు" అన్నాడు. ఆ మాట విన్నాక ఇంకెవరు రాస్తారు?

డీటీపీ ఆయన చేసేది పెళ్ళి శుభలేఖలు, గృహప్రవేశం కార్డులు. పిల్లలు ఏం నేర్చుకున్నారో ఆయనకేం తెలుసు? తెలిసిన భాషలో ఒక నమూనా తయారుచేసి, పేర్లు మార్చుకుంటూ పోయాడు. "ఈ విద్యాసంవత్సరమున నేను సకల పాఠ్యాంశములయందును దినదినాభివృద్ధి చెందుచున్నానని తెలియజేయుటకు మిక్కిలి సంతోషించుచున్నాను" అని ప్రతి పేజీలోనూ ఉంది. చుట్టూ అరటి చెట్లు, పైన కలశం. అడుగున ఉన్న "బంధుమిత్రుల అభినందనలతో" తీసెయ్యడం మరిచిపోయాడు. మా క్లాసు మొత్తానికి ఒకే ముహూర్తానికి పెళ్ళి అయిపోయినట్టుంది. దాన్ని చూసి కంప్యూటర్ సారు "లుక్ బాగుంది" అన్నాడు.

నిజంగా రాసిచ్చింది నేనొక్కదాన్నే. నేనేదో గొప్పదాన్నని కాదు. నాకు అలాంటిది అలవాటు, అంతే.

మా పేటలో రేకుల చర్చి ఉంది. ఆదివారం ఆరాధన మధ్యలో సాక్ష్యాలు చెప్పేవాళ్ళు. ఎవరైనా లేచి నిలబడి తన లోపం తనే చెప్పుకోవాలి. ఒకాయన లేచి తాగొచ్చి ఇంట్లో గొడవ చేశానని ఏడ్చేవాడు. ఒకావిడ తోడికోడలి మీద కుళ్ళుకున్నానని ఒప్పుకునేది. చివర్లో "ఇకనుంచి అలా చెయ్యను" అనాలి. అందరూ "స్తోత్రం" అనేవాళ్ళు. పక్కన కూర్చున్నవాళ్ళు వీపు నిమిరేవాళ్ళు. తాగొచ్చినాయన మళ్ళీ తాగేవాడు, మళ్ళీ లేచి చెప్పేవాడు, మళ్ళీ స్తోత్రమే. చెప్పుకున్నవాణ్ణి ఎవరూ బయటికి నెట్టడం నేను చూడలేదు. అందుకని, నీకేం రాదో రాయమని బడి అడిగితే నేను సాక్ష్యమే రాశాను.

"నిష్పత్తులు నాకు రావు. సారు అర్థమైందా అని అడిగితే అందరితో పాటు అయింది సార్ అని అరుస్తాను. కాలేదని చెబితే నవ్వుతారని భయం. ఇంట్లో అడుగుదామంటే మా అమ్మకు చదువు రాదు, ముచ్చికలు తీసి వచ్చిన చేతులు మండుతుంటే మజ్జిగలో పెట్టుకుని కూర్చుంటుంది. ఇకనుంచి తెలియనిది తెలియదని చెబుతాను."

డీటీపీ ఆయన దాన్ని చదవలేదో, చదివి జాలిపడ్డాడో, ఉన్నది ఉన్నట్టు కొట్టి చుట్టూ అరటి చెట్లు పెట్టాడు.

తల్లిదండ్రుల సమావేశం పత్తి తీతల రోజుల్లో పెట్టారు. హాస్టలు దుప్పటి ఒకటి గోడకు కట్టి, అద్దెకు తెచ్చిన ప్రొజెక్టర్‌తో ఒక్కొక్క ఫైలూ చూపించారు. తమ పిల్లవాడి ఫోటో దుప్పటి మీద పడగానే తండ్రులు మురిసిపోయారు. రాసింది ఎవరూ చదవలేదు. చదివే అవసరమూ లేదు, ఒకటి చదివితే అన్నీ చదివినట్టే. కరస్పాండెంటు పక్కన నిలబడి కొత్త మందు డబ్బా చూపించినంత ఉత్సాహంగా మాట్లాడుతున్నాడు.

అప్పుడు నాది పడింది. అచ్చుగుద్దినట్టుండే ఆ నమూనాలో ఏదో తేడా ఉందని ముందు వరసలో ఒక రైతుకు అనుమానం వచ్చినట్టుంది. బిగ్గరగా, కూడబలుక్కుంటూ చివరిదాకా చదివాడు. నేను ఒక మూల నిలబడి, ఎవరో ఒకరు స్తోత్రం అంటారని ఎదురుచూశాను. ఇప్పటికీ అది తలుచుకుంటే నా మీద నాకే జాలి.

"ఏమండీ, మావోడు కూడా అయింది సార్ అనే అరుస్తాడుగా?" అన్నాడు ఆ రైతు. "మరి మావోడికి వచ్చినట్టా, రానట్టా?"

వెనకనుంచి ఇంకో గొంతు లేచింది. "ఇన్ని ఫీజులు కట్టేది అరవడానికా?"

కరస్పాండెంటు ముఖం పండు మిరపకాయ అయింది. కంప్యూటర్ సారు వైపు కళ్ళతో సైగ చేశాడు. దుప్పటి తెల్లగా మిగిలింది. "కరెంటు పోయింది, తరవాత చూద్దాం" అన్నాడు. మా నెత్తిన ఫ్యాన్లు గిర్రున తిరుగుతూనే ఉన్నాయి.

మర్నాడు మా అమ్మను పిలిపించాడు. ఆమె పని మానుకుని, చీర కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆయన కూర్చోమనలేదు.

"చూడమ్మా, ఇది మేమన్న మాట కాదు. లెక్కలు రావని మీ అమ్మాయే రాసిచ్చింది. కామన్ ఎగ్జామ్‌లో ఒక్కళ్ళు తప్పినా మన హండ్రెడ్ పర్సెంట్ రిజల్టు పోద్ది. టీసీ తీసుకెళ్ళండి."

"రాకపోతే నేర్పండి సార్, నేర్చుకుంటది" అంది అమ్మ. "చిన్నపిల్ల, తెలీక రాసింది."

"తెలీక కాదమ్మా, తెలిసే రాసింది. రిఫ్లెక్టివ్ లెర్నింగ్ అంటే అదే."

ఇంత నీచమైన మాట అంత మర్యాదగా పలికిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. టీసీ మీద 'ప్రవర్తన' అన్న చోట 'మంచిది' అని రాశారు. ఎంత దయ!

దారిపొడుగునా అమ్మ నన్ను తిట్టింది. "నీ చేత్తో నువ్వే రాసిచ్చావేమే! నోటితో అన్నదైతే అనలేదని బుకాయించొచ్చు. కాయితమెక్కాక ఇంకేం చేసేది?"

"చర్చిలో చెప్పమంటారుగా అమ్మా!"

"చర్చిలో టీసీ ఇవ్వరే" అంది. కొంగుతో కళ్ళొత్తుకుంటూ ముందు నడిచింది.

ఓపిక లేదని అన్నదే గానీ రెండు బళ్ళకు తిప్పింది. పరీక్షకు పేర్లు పంపడం అయిపోయింది, వచ్చే ఏడు రమ్మన్నారు. సంక్రాంతి దాటగానే నేను కల్లంలో కూర్చున్నాను. ముక్కుకు గుడ్డ కట్టుకున్నా తుమ్ములు ఆగవు. గోళ్ళ సందుల్లో మంట అన్నం తినేటప్పుడు నోటిదాకా వస్తుంది. కాయల్లో రంగు పోయి తెల్లబడ్డ తాలు ఏరి పక్కకు పెట్టాలి. నన్ను బడి అలాగే ఏరిందనిపించేది. కాకపోతే కల్లంలో తాలును కూడా పారెయ్యరు, దానికీ కొనేవాడు ఉంటాడు. ఆ సంగతి మా కరస్పాండెంటుకు నాకంటే బాగా తెలుసునని వేసవిలో అర్థమైంది.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం అందరం అన్నాలకు కూర్చున్నాం. మేస్త్రి తెచ్చిన పేపర్లోంచి ఒక రంగు కరపత్రం జారిపడింది. అడ్మిషన్లు జరుగుచున్నవి, మా బడిదే. మధ్యలో కరస్పాండెంటు కూతురి ఫోటో, నవ్వుతూ. దాని కింద "మా విద్యార్థుల నిజాయితీకి ఒక మచ్చుతునక" అని పెద్ద అక్షరాలు. ఆ కింద ఉన్నది చదువుతుంటే నా చెవుల్లోంచి ఆవిర్లు వచ్చాయి. నిష్పత్తులు నాకు రావు. సారు అర్థమైందా అని అడిగితే. నవ్వుతారని భయం. ఇకనుంచి తెలియనిది తెలియదని చెబుతాను. అంతా నాదే. ఒక్క వాక్యం మాత్రం లేదు. కాయకు ముచ్చిక తుంచినట్టు మా అమ్మను తుంచి పారేశారు.

"ఏంటే అది, అలా చూస్తన్నావు?" అంది అమ్మ.

చదివి వినిపించాను. పక్కనున్న ఆడవాళ్ళకు నవ్వొచ్చింది. "అదే మాట నువ్వంటే తరిమారు, ఆయన కూతురు అంటే ఫోటో ఏశారా?" అని ఒకావిడ పొట్ట పట్టుకుని నవ్వింది. అమ్మ నవ్వలేదు. కరపత్రం నా చేతిలోంచి తీసుకుని, నాలుగు మడతలు పెట్టి, దాని మీద తన పచ్చడి ముద్ద పెట్టుకుని తిన్నది.

జూన్‌లో అమ్మ నన్ను జిల్లా పరిషత్ హైస్కూలుకు తీసుకెళ్ళింది. మళ్ళీ ఏడో తరగతే. హెడ్‌మాస్టరు గారు పెద్దాయన. టీసీ చూసి, మధ్యలో ఎందుకు ఆగిపోయావని అడిగాడు. ఒంట్లో బాగోలేదని అమ్మ చెప్పింది. ఆయన కళ్ళజోడు తీసి నన్ను మెత్తగా అడిగాడు.

"రాకపోయినా పర్లేదమ్మా, నిజం చెప్పు. నీకు కష్టంగా ఉండేదేంటి? మేం చూసుకుంటాం."

ఆయన నిజంగానే అడిగాడు. అది ఆయన ముఖంలోనే తెలుస్తోంది. మా కరస్పాండెంటు ఎప్పుడూ మనసుతో అడగని ప్రశ్న, చివరికి అడగాల్సిన మనిషి అడిగాడు. నిజం నా నాలుక చివరిదాకా వచ్చింది.

"ఏం లేదు సార్" అన్నాను. "అన్నీ వచ్చు."

"ఈ క్లాసులో అందరూ తడబడేది నిష్పత్తుల దగ్గరే. అవీ వచ్చా?"

"వచ్చు సార్."

ఆయన తల ఊపి నా పేరు రాసుకున్నాడు. ఆ ఏడంతా ఆయన క్లాసులో నిష్పత్తుల లెక్క వచ్చినప్పుడల్లా నేను ముందు బెంచీలోంచి అందరికంటే గట్టిగా అయింది సార్ అని అరిచాను. ఆయన ఒక్కసారి కూడా నన్ను అనుమానించలేదు.

చేరిన ఆ రోజు గేటు దాటాక మా అమ్మ నా తల నిమిరింది. ఆమె ముఖం అంత తేలికపడటం నేను చాలా నెలలుగా చూడలేదు.

"బాగా చెప్పావే" అంది.