బావ బుక్ చేసిన కారు

మా బావకి వచ్చే జీతంలో సగం కారు నడిపినందుకు, సగం కార్లో కూర్చుని ఎదురుచూసినందుకు. ఇది నేను వెటకారంగా అంటున్న మాట కాదు, ఆయనే చెప్పుకునేవాడు. మీసాలు సరిగ్గా రాని వయసులో ఒక మిల్లు ఓనరుగారి దగ్గర డ్రైవరుగా చేరి, ఉన్న జుట్టంతా తెల్లబడ్డాక బయటికొచ్చాడు. ఓనరుగారు మీటింగులో ఉంటే ఈయన బయట, పెళ్లి విందులో ఉంటే బయట, పళ్ల డాక్టరు ముందు నోరు తెరుచుకుని ఉన్నా బయటే. కారు నీడకి పెట్టుకుని, అద్దం కాస్త దించుకుని, స్టీరింగు మీద చేతులు ఆన్చి కూర్చునేవాడు. ఆయన విసుక్కోగా చూసినవాళ్లు లేరు. అలాంటి మనిషి సొంత కారు కోసం ఎదురుచూడాల్సి వచ్చేసరికి కాలుగాలిన పిల్లి అయిపోయాడు.

ఆయన భార్య మా అక్క. నాకు బజార్లో కళ్లజోళ్ల షాపుంది. బావని ఆటపట్టించే హక్కు బావమరిదిగా నాకు పుట్టుకతో వచ్చింది, దాన్ని నేనెప్పుడూ వృథా చెయ్యలేదు. ముఖ్యంగా ఆయన మాట ఒకటి నాకు భలే దొరికింది. పొద్దున్నే ఓనరుగారు వెనక సీట్లో సర్దుకోగానే బావ అద్దంలోకి చూసి, "ఎటు పోనివ్వమంటారండీ?" అనేవాడు. అది నాలుక మీద ఎంతగా పాతుకుపోయిందంటే, ఇంట్లో అక్క "కాస్త బయటికి వెళ్దామా" అన్నా అదే మాట వచ్చేసేది. నేను ఆ గొంతు అనుకరిస్తే అక్క పొట్ట పట్టుకుని నవ్వేది. బావ మాత్రం, "నవ్వండి, నవ్వండి, నాలుగు వేళ్లూ లోపలికి పోయేది ఆ మాటతోనే" అనేవాడు.

ఆ కార్లో మా అక్క ఒక్కసారి కూడా ఎక్కలేదు. ఓనరుగారు మంచివాడే, ఎక్కించుకుంటానన్నా అడ్డు చెప్పేవాడు కాదు. ఈయనకే నీతి ఎక్కువ. మనది కాని సీట్లో మనవాళ్లని కూర్చోబెట్టకూడదంటాడు. ఒకరోజు జోరున వాన. అక్క కూరల సంచీతో బస్టాపులో తడుస్తూ నిలబడింది. బావ ఓనరుగారిని దింపేసి ఖాళీ కారుతో అటే వచ్చాడు. అక్కని చూశాడు. చూసి, కారు ఆపకుండా వెళ్లిపోయాడు. నేను ఎదురుగా షాపు గుమ్మంలోంచి అంతా చూశాను. నాకొచ్చిన కోపానికి అడ్డూ ఆపూ లేదు, సాయంత్రం ఇంటికెళ్లి అక్క ముందే ఎడాపెడా దులిపేశాను. బావ తలొంచుకుని విని, చివరికి అక్కతో, "ఉద్యోగం మానేశాక మన కారు కొంటానే. ముందు సీట్లో కూర్చోబెట్టి తిప్పుతా" అన్నాడు. అక్క తల తుడుచుకుంటూ, "అప్పటిదాకా గొడుగు కొనండి" అంది.

ఆయన మాట మర్చిపోలేదు. ఉద్యోగం మానేసిన వారంలోనే నన్ను వెంటేసుకుని షోరూముకి వెళ్లాడు. అక్కడ వచ్చినవాళ్లకి చూపించడానికి పెట్టిన నీలం కారు ఒకటి సిద్ధంగా ఉంది. డబ్బు కడితే ఆ రోజే ఇంటికి తోలుకెళ్లొచ్చు. బావ చుట్టూ తిరిగాడు, టైర్లు చూశాడు, బానెట్ ఎత్తి చూశాడు. లోపల కూర్చుని ఎడం కాలితో క్లచ్ కోసం వెతికాడు. లేదు. అది గేర్లు దానంతటదే మార్చుకునే రకం.

"గేర్లు మార్చకపోతే ఇక డ్రైవరెందుకు? పైగా దారినపోయే ప్రతివాడూ ఎక్కి దిగిన బండి. ఎంగిలి కారు నాకొద్దు" అన్నాడు.

సేల్స్ అబ్బాయి నవ్వు చెరక్కుండా, "గేర్లున్నది అయితే వచ్చే నెల్లో వచ్చేస్తుంది సార్" అన్నాడు. బావ అదే బుక్ చేశాడు. వచ్చే నెల వచ్చింది, కారు రాలేదు.

ఇంటి పక్క ఖాళీ జాగాలో మాత్రం రేకుల షెడ్డు లేచింది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, రాని కారుకి నేల గచ్చు చేయించాడు, టైర్లు ఆగే చోట తెల్లగీతలు కొట్టాడు, అక్క బట్టలారేసుకునే తీగ పీకేశాడు. "కారెక్కి తిరగడం సంగతేమో గానీ తడిబట్టలు కుర్చీల మీద ఆరేసుకుంటున్నాను" అని అక్క సణిగేది. షెడ్డు మధ్యలో ఒక ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని పొద్దస్తమానం బావ అక్కడే ఉండేవాడు. ఒకసారి చెప్పకుండా వెళ్లి చూశాను. కుర్చీలో కూర్చుని, ఎడం కాలు నొక్కుతూ, గాల్లో గేరు మారుస్తున్నాడు. నన్ను చూసి దోమని కొట్టినట్టు తొడ మీద చరుచుకున్నాడు.

నేను ఊరుకుంటానా? "మూడో గేర్లో వెళ్తున్నావు బావా, ముందు గోడుంది చూసుకో" అన్నాను.

ఆయన నవ్వలేదు. ఈయనకి ఏదో అయిందని అప్పుడే నాకు కాస్త అనుమానమొచ్చింది.

తర్వాత కొద్ది రోజులకి కళ్లజోడు మార్పించుకోవడానికి షాపుకొచ్చాడు. లోపలికొస్తూ గుమ్మం పక్కనున్న అద్దం స్టాండుని భుజంతో గుద్దుకున్నాడు. వెళ్తూ మళ్లీ గుద్దుకున్నాడు. ఆయన ఇరుకు సందుల్లో పెద్ద కారుని గీత పడకుండా తిప్పిన మనిషి. ఎదురుగా కూర్చోబెట్టి, నా ముక్కు వైపే చూడమని, పక్క నుంచి చెయ్యి ఊపాను. చెయ్యి దాదాపు ముఖం ముందుకి వచ్చేదాకా ఆయనకి కనపడలేదు. చెయ్యి పట్టుకుని కంటి డాక్టరమ్మ దగ్గరికి లాక్కుపోయాను.

నీటికాసులు అందావిడ. కంట్లో ఒత్తిడి పెరిగి చూపు అంచుల నుంచి మూసుకొస్తోందట. పోయింది తిరిగి రాదు, చుక్కల మందు వేసుకుంటూ ఉన్నది కాపాడుకోవాలి. "ప్రస్తుతానికి పగటిపూట మెల్లగా నడపొచ్చు. వానలు వెలిశాక మళ్లీ పరీక్ష చేస్తాను. ఇంకా తగ్గితే మాత్రం స్టీరింగు ముట్టుకోవద్దు" అంది. 

బయటికొచ్చాక బావ నా చెయ్యి వదల్లేదు. "మీ అక్కకి చెప్పకురా. కారు రానీ. ముందు సీట్లో కూర్చోబెట్టి ఒక్కసారి తిప్పుతాను. ఆ తర్వాత నేనే చెప్పుకుంటా" అన్నాడు. సరేనన్నాను. నా నోట్లో నువ్వుగింజ నానదని తెలిసి కూడా నన్ను నమ్మాడంటే, ఆయనకి ఇంకో దిక్కు లేదన్నమాట.

ఇక మొదలైంది అసలు యాతన. అంతకుముందు రోజుకోసారి షోరూముకి ఫోన్ చేసేవాడు, ఇప్పుడు పూటకోసారి. ఏదో చిన్న చిప్పు దొరకడం లేదట సార్. దొరికిందట, ఓడలో ఉందట సార్. ఓడ రేవులో ఆగిందట సార్. ఫోన్ పెట్టేశాక బావ షెడ్డులోకి వెళ్లేవాడు, వీధిలోకి వెళ్లేవాడు, మళ్లీ షెడ్డులోకి. అన్నం ముందు కూర్చుంటే ఫోన్ కంచం పక్కన. అదే రకం కారు వీధిలో కనపడితే మెడ తిప్పి చివరిదాకా చూసి, "వీడెప్పుడు బుక్ చేశాడో కనుక్కోరా" అనేవాడు. అవతలివాడెవడో నాకేం తెలుసు? వాన మొదలైతే ఆకాశం వంక చూసేవాడు, వాన తగ్గితే ఇంకా ఎక్కువ చూసేవాడు. వానలు వెలవకూడదని కోరుకున్న మనిషిని నేను ఆయన్నొక్కణ్ణే చూశాను.

ఒకరోజు నాకు ఒళ్లు మండిపోయింది. "ఆ నీలం కారు ఆ రోజే తెచ్చుకుని ఉంటే ఈపాటికి అక్కని పదూళ్లు తిప్పేవాడివి. నువ్వు పట్టిన కుందేలుకి మూడే కాళ్లు!" అని అరిచాను.

ఆయన అరవలేదు. అరచెయ్యి చాపి చూపించాడు. గేరు రాడ్డు పట్టీ పట్టీ బొటనవేలి మొదట్లో కాయ కాసింది. "నాకు వచ్చిన పనల్లా ఇదేరా. నా భార్యని ఎక్కించుకున్న రోజు ఆ పని చెయ్యకుండా ఊరికే కూర్చుంటే, నేను నడిపినట్టెలా అవుతుంది?" అన్నాడు. నా కోపం మాత్రం తగ్గలేదు, ఇప్పటికీ తగ్గలేదు. బంగారంలాంటి రోజులు షెడ్డులో కుర్చీ మీద పోయాయి.

అక్క ఒకనాటి మధ్యాహ్నం షాపుకొచ్చింది. నేనిచ్చిన నీళ్లు తాగకుండానే, "మీ బావ పక్కనున్న గ్లాసు చూడాలన్నా మొహమంతా తిప్పుతున్నారు. అలమర తలుపు తీసుంటే గుద్దుకుంటున్నారు. ఏం దాస్తున్నార్రా మీరిద్దరూ?" అంది. 

"అబ్బే, ఏం లేదక్కా" అన్నాను. అక్క ఊరికే చూసింది. చిన్నప్పుడు బెల్లం ఎవరు తిన్నారని అడిగి చూసినట్టే చూసింది. మొత్తం కక్కేశాను.

అక్క కాసేపు బల్ల మీది కళ్లజోళ్లు ఒక్కోటీ తీసి పెట్టింది. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఏడవలేదు. "ఆయనగా చెప్పేదాకా నాకు తెలీదు. నువ్వూ చెప్పలేదు. మీ పక్కన డ్రైవింగ్ స్కూలుందిగా, ఈ వయసు ఆడవాళ్లకి నేర్పుతారా?" అని అడిగింది. 

"గేర్లవి కష్టమక్కా."

"గేర్లు లేనిదాని మీదే నేర్పమను. గేర్లు నేర్చుకునే ఓపిక నాకు లేదు, అంత వ్యవధి ఆయనకీ లేదు."

అప్పట్నుంచి అక్క రోజూ తమ్ముడి షాపులో సాయం పేరుతో బయల్దేరేది. నేర్పే అమ్మాయి గడుసుది, ఓపిక గలది. మొదట్లో అక్క బ్రేకు నొక్కితే ఆ అమ్మాయి జడ ముందుకొచ్చి పడేది. లైసెన్సు పరీక్షలో కారుని ఒక స్తంభానికి తాకించి, కిందికి దిగి దానికి సారీ చెప్పి తప్పింది. రెండోసారికి నెగ్గింది. ఇంట్లో బావకి ఇదేదీ తెలీదు. ఫోన్ వంక, వీధి వంక చూస్తూ కూర్చున్నవాడికి పక్కనున్న భార్య ఏం చేస్తోందో ఎలా తెలుస్తుంది?

వానలు వెలిశాయి. కారు రాలేదు. డాక్టరమ్మ యంత్రంలో తల పెట్టించి చాలాసేపు చూసి, మెల్లగానే చెప్పింది. ఇక నడపకూడదు. పగలు కూడా.

ఇంటికి రాగానే బావ అక్కని పిలిచి మొత్తం చెప్పేశాడు. అక్క ఇప్పుడే విన్నట్టు విన్నది. ఏడ్చింది కూడా, అది నటన కాదు. ఆయన కళ్లు తుడుచుకుని, "బుకింగ్ రద్దు చేసొస్తా" అన్నాడు. అక్క చీర మార్చుకుని, "నేనూ వస్తాను" అంది.

షోరూములో ఆ నీలం కారు ఇంకా అక్కడే ఉంది. బావ సేల్స్ అబ్బాయితో రద్దు సంగతి మొదలుపెట్టేలోపు, అక్క నేరుగా వెళ్లి ముందు తలుపు తీసి ఎక్కి కూర్చుంది. 

"ఏమే, దిగు. అది డ్రైవరు సీటు" అన్నాడు బావ.

"తెలుసు" అంది అక్క. సీటు ముందుకి జరుపుకుని, అద్దం సరిచేసుకుని, పర్సులోంచి లైసెన్సు తీసి చూపించింది.

బావ దాన్ని కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూశాడు. ముందు నన్ను తిట్టాడు. "నీకు నేర్పాల్సింది నేను కదే" అని అక్కతో అన్నాడు, ఆ గొంతు నాకు ఇప్పటికీ గుర్తొస్తుంది. నలభై ఏళ్ల పనితనం ఉండి, సొంత భార్యకి ఎవరో నేర్పించాల్సి రావడం ఆయనకి చూపు పోయినంత పని చేసింది. అక్క కిందికి దిగి, "నాకు వచ్చింది సగమే. ట్రాఫిక్ చూస్తే గుండెలదురుతున్నాయి. మిగతాది మీరు కాక ఎవరు నేర్పుతారు?" అంది. ఆయన వెళ్లి ఆ కారు టైర్లు మళ్లీ ఒకసారి చూశాడు.

ఎంగిలి కారే ఇంటికొచ్చింది. షెడ్డులో తెల్లగీతల మధ్య సరిగ్గా సరిపోయింది. మర్నాడు పొద్దున్నే బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని, అద్దాలన్నీ తుడిచి, అలవాటు కొద్దీ వెనక తలుపు తీసి పట్టుకున్నాడు. నేనెక్కి కాలు మీద కాలేసుకుని, "పోనివ్వవయ్యా" అన్నాను. నా నెత్తిన ఒక్కటిచ్చి తలుపేశాడు. తర్వాత ముందుకెళ్లి డ్రైవరు పక్క సీటు దగ్గర కాసేపు నిలబడ్డాడు. ఎక్కాక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తోచక ఒళ్లో పెట్టుకున్నాడు. ఎడం కాలు మాత్రం క్లచ్ కోసం కదుల్తూనే ఉంది.

అక్క బెల్టు పెట్టుకుంది. ఇంజను స్టార్ట్ చేసి, రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టి, ఆయన వైపు తిరిగి అడిగింది.

"ఎటు పోనివ్వమంటారండీ?"

నేను నవ్వబోయి ఆగిపోయాను. బావ మొహం అదోలా అయిపోయింది. ఎదురుగా ఖాళీ వీధి వంక చూస్తూ ఉండిపోయాడు. "ఏమోనే. నన్నెప్పుడూ ఎవరూ అడగలేదు" అన్నాడు.

అక్క తొందరపెట్టలేదు. ఇంజను ఆడుతూనే ఉంది. కాసేపటికి ఆయన, "ఆ బస్టాపు మీదుగా పోనీ" అన్నాడు.

ఏ బస్టాపని అక్క అడగలేదు.