మూత్రం వచ్చిన శుభవార్త

మత్తు డాక్టరంటే సూది పొడిచి కుర్చీలో కునుకు తీసే మనిషని ఆదోనిలో చాలామంది నమ్మకం. మా ఇంట్లోవాళ్ల నమ్మకమూ అదే. నిజానికి పెద్ద ఆపరేషన్ జరిగినంతసేపూ నా కళ్లు ఒకసారి మానిటర్ మీద, ఇంకోసారి బల్ల కింద వేలాడే మూత్రం సంచి మీద ఉంటాయి. ఒంట్లో నీళ్లు తక్కువైతే మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఎక్కువ ఎక్కిస్తే ఊపిరితిత్తుల్లో చేరతాయి.

ఆ శుక్రవారం బల్ల మీద ఉన్నది ఎమ్మిగనూరు నేతగాళ్లింటి కోడలు. కడుపులో పెద్ద గడ్డ. అది సగం కూడా బయటికి రాకముందే ఆమె నాడి పరుగందుకుంది, బీపీ జారింది, సంచిలోకి ఒక్క చుక్క రావడం లేదు.

"రక్తం పెద్దగా పోలేదే!" అన్నాడు సర్జన్.

అది నాకూ కనబడుతూనే ఉంది. అందుకే నిజంగా భయమేసింది. ఒక సెలైన్ సీసా వేగంగా వదిలి, ఆమె చివరిసారి ఎప్పుడు నీళ్లు తాగిందో భర్తను అడిగి రమ్మని నర్సును తరిమాను.

నర్సు రొప్పుతూ వచ్చింది. "నిన్న బేస్తవారం గదా మేడం, మంత్రాలయం స్వామికి ఒక్కపొద్దుండెనంట. పచ్చి నీళ్లు గూడా ముట్టలేదంట."

"పొద్దున తాగొచ్చని సెప్పినాం గదా?" అన్నాను.

"కడుపు ఎంత కాలీగుంటే ఆపరేషన్ అంత బాగైతాదని తాగలేదంట."

ఒళ్లు మండింది. ఆ వెంటనే నవ్వూ వచ్చింది, కారణం దొరికింది కదా! నాడినీ బీపీనీ చూసుకుంటూ కొంచెం కొంచెంగా ఇంకా ఎక్కించాను. బీపీ లేచింది. కాసేపటికి గొట్టంలో పచ్చగా ఏదో కదిలింది. నేను చప్పట్లు కొట్టాను. సర్జన్ ఉలిక్కిపడి తిట్టాడు. నర్సు మాత్రం బయటికి పరిగెత్తింది. "మా యామెకు ఉచ్చ వచ్చెనంట!" అని భర్త వేసిన కేక లోపలికి వినిపించింది. పెళ్లి కుదిరినట్టు అక్కడంతా ఒకటే సందడి.

మర్నాడు గుటక నీళ్లు పట్టొచ్చని చెప్పి, నేనే గ్లాసు పట్టుకుని వెళ్లాను.

"స్వామి కాపాడినాడు మేడం. వచ్చే బేస్తవారం గూడా ఒక్కపొద్దుంటా" అంది.

"నువ్వొద్దు తల్లీ, నీ బదులు నేనుంటాలే."

నన్ను కిందికీ పైకీ చూసింది. "పచ్చి నీళ్లు గూడా ముట్టగూడదు. మీతో అవుతాదా?"

గ్లాసు ఆమె పెదాలకు అందించాను. గుటక దిగింది. నాకు ప్రాణం లేచొచ్చింది.